చిన్న ఉల్లంకి పిట్టల ఫొటోలు: పొద్దుటి ఎండలో, నేలబారుగా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే బీచ్ రోడ్డుకి డిసెంబరులో ఒక రోజు పొద్దున్న ఆరున్నరకల్లా చేరుకున్నారు. చేతిలో క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సెన్సర్) కెమెరా, 150-600 జూమ్ లెన్స్. గంటన్నరలో నాలుగు వందల ఫొటోలు తీస్తే ఒక్కటీ నచ్చలేదు. పిట్ట నల్లగా, చుట్టూ ఇసుక, మొత్తం మీద "మేడ మీంచి కోడిపిల్లని తీసినట్టు" వచ్చిందన్నారు. లక్షలు పోసి 600 ఎఫ్ 4 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని పెద్ద లెన్స్) కొంటే ఈ బాధ తీరుతుందా, పిట్టలకి ఎంత దగ్గరికి వెళ్ళొచ్చు, ఇసుకలో పడుకుంటే కెమెరా పాడైపోదా అని మూడు ప్రశ్నలు.

మొదటిదానికి జవాబు ఒక్క ముక్క: కొనకండి. మీరు పెట్టిన రెండు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. రెండోదాంట్లో కంటి చుట్టూ ఉన్న సన్నటి ఈకలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. లెన్స్ తన పని తాను చేసింది. తేడా వచ్చింది మీరు నిలబడ్డ చోట. అలలు రోడ్డుని కోసెయ్యకుండా పోసిన రాళ్ళ కట్ట మీద నిలబడి కిందికి గురిపెట్టారు, పైగా సూర్యుడు మీకు ఎదురుగా ఉన్నాడు. ఆ రాళ్ళ మీద లక్షల లెన్స్ పెట్టినా అదే ఫొటో వస్తుంది, కాస్త ఖరీదుగా.

ముందు ఎత్తు సంగతి చూద్దాం. మీ ఫొటోలో ఉన్నది లిటిల్ స్టింట్. మనవాళ్ళు ఇలాంటివాటన్నిటినీ కలిపి ఉల్లంకులు అనేస్తారు. ముక్కు నుంచి తోక దాకా 12-14 సెంటీమీటర్లు, అంటే ఊరపిచ్చుక కన్నా పొట్టి. నిలబడితే దాని కన్ను నేలకి ఓ పది సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుందనుకుందాం. పది మీటర్ల దూరంలో ఉన్న ఆ కంటిని మీరు నిలబడి, మీటరున్నర ఎత్తు నుంచి చూస్తున్నారు. మీ చూపు దాని తల మీదుగా సాగి, వెనక 70 సెంటీమీటర్లు పోయేసరికి ఇసుకని తాకేస్తుంది. అంటే ఫొటోలో పిట్ట వెనక కనిపించేది సముద్రం కాదు, దాని తోక పక్కనున్న ఇసుకే. అక్కడున్న గవ్వలూ, పుల్లలూ, షాంపూ ప్యాకెట్లూ అన్నీ కంటికి కొడతాయి. మోకాళ్ళ మీద కూర్చుని ముప్పావు మీటరుకి దిగినా చూపు నేలని తాకేది పిట్టకి మీటరున్నర వెనకే. పెద్ద తేడా రాదు. అదే లెన్స్‌ని 20 సెంటీమీటర్లకి దించండి, అది తాకే చోటు ఒక్కసారిగా పది మీటర్ల వెనక్కి పోతుంది. ఇంకా దించి పిట్ట కంటి మట్టానికి తెస్తే చూపు నేలని తాకనే తాకదు, ఆకాశం అంచు దాకా సాగిపోతుంది.

600 మిల్లీమీటర్ల దగ్గర, ఎఫ్ 6.3లో (ఎఫ్ అంటే లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ వెనకది ఎక్కువ కరుగుతుంది), పది మీటర్ల దూరాన మీ క్రాప్ సెన్సర్ మీద స్పష్టంగా వచ్చే లోతు 7 సెంటీమీటర్లు, అటూ ఇటూగా. పిట్ట ఒళ్ళు పట్టేంత. దాని వెనక పది మీటర్ల దాకా ఏమీ లేకపోతే మిగతాదంతా కరిగిపోక ఏం చేస్తుంది? ముందున్న ఇసుక కూడా మంచులా పలచబడుతుంది. మీరు మెచ్చుకునే ఆ "పొగలో నిలబడ్డ పిట్ట" ఫొటోలన్నిటి రహస్యం ఇంతే. ఎఫ్ 6.3 నుంచి ఎఫ్ 4కి వెళ్తే వచ్చే లాభం కన్నా, మీటరున్నర నుంచి జానెడు ఎత్తుకి దిగితే వచ్చే లాభం ఎక్కువ. దీనికి ఖర్చు ఒక చొక్కా.

ఇక వెలుతురు. ఇది మన తూర్పు తీరం వాళ్ళకి ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి, దీని గురించి చెప్పేవాళ్ళు తక్కువ. "పొద్దుటి ఎండ మెత్తగా ఉంటుంది, బీచ్‌కి వెళ్ళండి" అని ఎక్కడ చూసినా ఉంటుంది. గోవాలోనో ముంబైలోనో ఆ మాట చెల్లుతుంది. అక్కడ సూర్యుడు నేల వైపు నుంచి లేస్తాడు, మీరు సముద్రం వైపు చూస్తుంటే ఎండ మీ వీపు మీంచి వెళ్ళి పిట్ట మీద పడుతుంది. మన దగ్గర సూర్యుడు లేచేదే సముద్రంలోంచి. నీటి అంచున తిరిగే పిట్టని ఒడ్డు మీంచి చూస్తే మనకి కనిపించే వైపంతా నీడ. నేను మొదటి రెండేళ్ళు ఇదే చేశాను. కెమెరాలో ఎక్స్‌పోజర్ పెంచుతూ, ఇంటికొచ్చి కంప్యూటర్లో నీడలు లాగుతూ, మచ్చలు పడ్డ బూడిదరంగు పిట్టల్ని ఒక హార్డ్ డిస్క్ నిండా పోగుచేశాను.

చేయాల్సిందల్లా సముద్రం వైపు చూడ్డం మానేయడం. ఒడ్డు వెంబడి చూడండి, లేదా నీటి వైపు నుంచి నేల వైపు చూడండి.

డిసెంబరు చివర్లో మన కోస్తాలో సూర్యుడు సరిగ్గా తూర్పున లేవడు, దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి లేస్తాడు. నెల్లూరు వైపు తీరం ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. మైపాడు, కోడూరు లాంటి చోట్ల నీటి అంచున ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే సూర్యుడు మీ కుడి భుజానికి వెనకగా వస్తాడు. ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది, ఫొటోలకి మాత్రం మినహాయింపు తీసుకున్నాను. ఉప్పాడ నుంచి విశాఖ దాకా తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అక్కడ లెక్క మారుతుంది. నైరుతి వైపు చూస్తూ పడుకోవాలి, అప్పుడు ఎండ ఎడమ భుజం వెనక నుంచి పడుతుంది. వెళ్ళే ముందు రోజు ఫోన్లో మ్యాప్ తెరిచి, తీరం ఏ దిక్కుకి ఉందో, సూర్యుడు ఎక్కడ లేస్తాడో ఒక నిమిషం చూసుకోండి. నాలుగు వందల ఫొటోలు మిగులుతాయి.

ఒడ్డు వెంబడి చూడ్డంలో ఇంకో లాభం ఉంది. తెల్లవారుజామున మామూలుగా నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది. పిట్టలు ఈకలు చెదరకుండా గాలికి ఎదురుగా నిలబడతాయి. కాబట్టి చాలా పొద్దుల్లో గుంపు గుంపంతా ఊరి వైపు మొహం పెట్టి ఉంటుంది. మీరు ఒడ్డు వెంబడి పక్క నుంచి చూస్తే అవి సరిగ్గా పక్కవాటంగా దొరుకుతాయి, ముక్కు నుంచి తోక దాకా మొత్తం ఆ 7 సెంటీమీటర్ల లోతులో ఇమిడిపోతుంది.

నీటి వైపు నుంచి నేల వైపు చూడ్డం ఇంకా మంచిది, అయితే దానికి చోటు వెతుక్కోవాలి. సముద్రం వెనక్కి తగ్గాక ఒడ్డున పల్లపు చోట్ల నీళ్ళు నిలిచిపోతాయి. స్టింట్లకీ, వాటిలాగే తీరాన మేసే ప్లోవర్లు అనే పిట్టలకీ అలల అంచు కన్నా ఈ గుంటలంటేనే ఇష్టం, పురుగులు తేలిగ్గా దొరుకుతాయి. గుంటకి సముద్రం వైపున్న ఇసుక మీద పడుకుని, వీపుకి ఎండ తగిలేలా ఊరి వైపు చూడండి. నీళ్ళలో పిట్ట ప్రతిబింబం కూడా పడుతుంది. ఉప్పుటేళ్ళ మొగల దగ్గర ఇలాంటి చోట్లు ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా నౌపడ వైపైతే ఉప్పు మళ్ళు ఉన్నాయి. గట్టు మారితే దిక్కు మారుతుంది కాబట్టి ఎండ ఎటున్నా మనకి అనుకూలమైన గట్టు ఒకటి ఉంటుంది. మడి వాళ్ళని ఒక మాట అడిగి దిగండి, గట్టు తొక్కి పాడుచేస్తే వాళ్ళ ఉప్పు పోతుంది.

కాకినాడలో కుంభాభిషేకం అనే చోటున్న బురద మేటల సంగతి కూడా చెప్పాలి. పక్షులకి అది బంగారు గని, సందేహం లేదు. కానీ అక్కడ ఒడ్డు తూర్పుకి చూస్తుంది, పొద్దున్నంతా ఎదురెండ. బురద మోకాలి దాకా దిగిపోతుంది, పడుకునే ప్రశ్నే లేదు. అక్కడికి సాయంత్రం బైనాక్యులర్స్‌తో వెళ్ళండి. హోప్ ఐలాండ్‌కి లోపలి వైపు, అంటే కాకినాడకి ఎదురుగా ఉన్న ఒడ్డున పొద్దుటి ఎండ వీపు మీద పడుతుంది, నిజమే. అటవీశాఖ అనుమతి లేకుండా మాత్రం వెళ్ళకండి, ఎవరో పడవాయన "నేను చూసుకుంటా సార్" అన్నాడని అసలే వెళ్ళకండి.

పడుకోవడం కుదరదు, నడుము సహకరించదు అనేవాళ్ళకి పులికాట్ చెప్తాను. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సుని చీల్చుకుంటూ ఇంచుమించు తూర్పు పడమరలుగా వెళ్తుంది. చలికాలం పొద్దున్న రోడ్డుకి ఉత్తరం వైపు దిగి, గట్టు వాలులో కూర్చుంటే ఎండ వెనక నుంచి వస్తుంది, నీటి మట్టానికి దగ్గరగానూ ఉంటారు. నీళ్ళు తగ్గి బురద అంచులు బయటపడ్డ నెలల్లో స్టింట్లు రోడ్డుకి చాలా దగ్గరగా మేస్తాయి. శ్రీహరికోట గేటు సమీపంలో మాత్రం పెద్ద లెన్స్ బయటికి తీయకండి.

ఎదురెండని పూర్తిగా కొట్టిపారేయట్లేదు. సూర్యుడు పైకి రాకముందు ఇరవై నిమిషాలు, వచ్చాక ఓ పది నిమిషాలు దానికో అందం ఉంది. వెనక చీకటిగా ఉన్నదేదైనా, సరుగుడు తోటో రాళ్ళ నీడో, దొరికితే పిట్ట అంచు చుట్టూ బంగారు గీత గీసినట్టు వస్తుంది. సాండర్‌లింగ్‌లు అనే తీరపు పిట్టలు అల వెనక పరిగెత్తేటప్పుడు కాళ్ళ దగ్గర ఎగిరే తుంపర వెలుగుతుంది. అది కావాలని తీస్తే అందం, గతిలేక తీస్తే మీ నాలుగు వందల ఫొటోలు.

చోటు, దిక్కు కుదిరాక మూడోది పోటు. సముద్రం పోటు మీద ఉందా, ఆటు మీద ఉందా చూసుకోకుండా వెళ్ళడం అంటే రైలు టైము చూడకుండా స్టేషన్‌కి వెళ్ళడమే. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల చిల్లర. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అందుకే ఈ ఆదివారం పొద్దున్న ఆరింటికి నిండు పోటు ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకి సముద్రం బాగా వెనక్కి పోయి ఉంటుంది. "పోయిన వారం ఇక్కడే వందల పిట్టలు ఉన్నాయండీ, ఈ వారం ఒక్కటీ లేదు" అని నాకు ఫోన్ చేసేవాళ్ళందరి సమస్యా ఇదే. పిట్టలు ఎక్కడికీ పోలేదు, అరకిలోమీటరు అవతల నీటి అంచున ఉన్నాయి.

మీకు కావాల్సింది సూర్యోదయం తర్వాతి రెండు గంటల్లో నీరు పెరుగుతూ ఉండే రోజు. మరో రెండు గంటల్లో నిండు పోటు అనగా వెళ్ళి పడుకుంటే నీళ్ళే పిట్టల్ని మీ వైపు నెట్టుకొస్తాయి. ఆటు మీద వెళ్తే రివర్స్: మీరు పాకుతుంటారు, అవి నీళ్ళతో పాటు వెనక్కి పోతుంటాయి. ఫోన్లో టైడ్ యాప్ చాలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కువ పైకొస్తుంది, అష్టమి దగ్గర ఊపు తక్కువ. మత్స్యకారులకి యాప్ అక్కర్లేదు, తిథి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్తారు. టీ కొట్టు దగ్గర అడగండి, అదనంగా ఎక్కడ ఊబి ఉందో కూడా చెప్తారు. అలల ఉధృతి గురించి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే హెచ్చరికలు చూడకుండా మాత్రం నీటి అంచున పడుకోవద్దు. కన్ను వ్యూఫైండర్లో ఉన్నప్పుడు వెనక నుంచి నీళ్ళు చుట్టుముట్టడం తెలీదు. నాకు ఒకసారి బ్యాగు తేలుతూ వచ్చి మోకాలికి తగిలాకే తెలిసింది.

పడుకునే సరంజామా చిన్నదే. వడ్లు ఆరబోసుకునే బరకం ముక్క ఒకటి, మనిషి పొడవున. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మట్టి రంగుది. లెన్స్ కింద పెట్టడానికి ఏదో ఒకటి. నేను పాత నాన్‌స్టిక్ పెనం పిడి ఊడదీసి, మధ్యలో బెజ్జం వేయించి, 3/8 అంగుళాల బోల్టుతో బాల్‌హెడ్ (కెమెరాని ఎటైనా తిప్పనిచ్చే బంతి కీలు) బిగించాను. అంచు ఉండటం వల్ల ఇసుక లోపలికి రాదు, తడి ఇసుక మీద పడవలా జారుతుంది, ముందుకి నెట్టుకుంటూ పాకొచ్చు. దానికైన ఖర్చులో ఎక్కువ భాగం ఇంట్లో మళ్ళీ కొత్త పెనం కొనడానికే పోయింది. పెనం, బాల్‌హెడ్, లెన్స్ ఫుట్ (లెన్స్ కింద బిగించే కాలు) అన్నీ కలిపితే లెన్స్ మధ్య భాగం 17-18 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇంకా దిగాలంటే లెన్స్ కాలర్ (ఆ ఫుట్ ఉన్న పట్టీ) తిప్పి ఫుట్‌ని పైకి పెట్టేసి, లెన్స్‌ని నేరుగా సంచి మీద పడుకోబెట్టాలి. సంచిలో ఏం నింపాలని అడుగుతారేమో. మొదట్లో పెసలు నింపాను. ఒక పొద్దున్న అల కొట్టి తడిసింది, కారు డిక్కీలో వదిలేశాను. మూడో రోజు జిప్పు తీస్తే మొలకలు. ఇప్పుడు ఖాళీ సంచి పట్టుకెళ్ళి అక్కడి ఇసుకే నింపుతున్నాను.

మీ కెమెరా స్క్రీన్ పైకి తిరుగుతుంది కదా, దాన్నే వాడండి. వ్యూఫైండర్లో చూస్తూ పడుకుంటే అరగంటకి మెడ పట్టేస్తుంది, నొప్పి పెడితే కదులుతారు, కదిలితే పిట్ట పోతుంది. ఎలక్ట్రానిక్ లెవెల్ ఆన్‌లో ఉంచండి. పడుకున్నప్పుడు సముద్రం ఒక పక్కకి ఒలికిపోతున్నట్టు ఫొటోలు రావడం అందరికీ జరిగేదే.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఎంత దగ్గరికి అని. ఈ ప్రశ్నని తిప్పి అడగాలి: పిట్ట నా దగ్గరికి ఎంత వస్తుంది? గుంపుకి యాభై మీటర్ల దూరంలోనే కిందికి దిగిపోండి. నడుస్తూ వచ్చి పది మీటర్ల దగ్గర ధబాలున పడుకుంటే ఏ పిట్టా ఉండదు. నేరుగా వాటి మీదికి పాకొద్దు, కాస్త పక్కకి గురిపెట్టినట్టు పాకండి. ఐదు నిమిషాలు పాకితే పది నిమిషాలు ఆగండి. తింటున్న పిట్ట తినడం ఆపి తల నిటారుగా ఎత్తిందంటే మీరు హద్దు దాటినట్టు. ప్లోవర్లైతే తలని పైకీ కిందికీ ఒక్క కుదుపు కుదుపుతాయి. అది చూశాక ఇంకో అడుగు వేస్తే ఎగిరిపోతాయి. అక్కడే ఆగిపోయి, మొహం కిందికి దించేయండి. మళ్ళీ మేత మొదలుపెడితే మీరు ఆ తీరంలో ఒక కొట్టుకొచ్చిన దుంగ అయిపోయినట్టే.

ఒక జనవరిలో ఉప్పుటేరు మొగ దగ్గర ఆరున్నరకి పడుకున్నాను. నీరు పెరుగుతోంది. ఏడు దాటాక స్టింట్ల గుంపు ఎదురుగా వచ్చింది. వీటి పని కుట్టుమిషన్ సూదిలా ఉంటుంది, తల పైకి లేవదు, కాళ్ళు ఆగవు. వాటిని వదిలేసి ఒక కెంటిష్ ప్లోవర్‌ని పట్టుకున్నాను. ప్లోవర్ పద్ధతి వేరు: నాలుగైదు అడుగులు చకచకా పరిగెడుతుంది, టక్కున ఆగుతుంది, చూస్తుంది, పొడుస్తుంది. ఆగిన ఆ ఒక్క క్షణమే మనది. కాసేపటికి అది ఒక కాలు ముందుకి చాపి, తడి ఇసుక మీద ఆ పాదాన్ని గడగడా వణికించింది. వానపడ్డట్టు ఇసుక అదిరితే కింద ఉన్న పురుగు కదులుతుంది, కదిలిన చోట పొడుస్తుంది. నిలబడి చూసినన్నాళ్ళూ నాకు ఆ వణుకు కనిపించలేదు. పాదం అడుగున నీరు పలచగా చెదిరి ఎండకి మెరవడం ఆ ఎత్తు నుంచే తెలుస్తుంది. అది అలాగే మేసుకుంటూ రెండు మీటర్ల లోపలికి వచ్చేసింది. నా లెన్స్ 2.8 మీటర్ల లోపల ఫోకస్ అవ్వదు. ఫొటో లేదు, ఊపిరి బిగపట్టి ఊరికే చూశాను. అదే పొద్దున్న వెనక నుంచి "ఒరే, మనిషేరా, కొట్టుకొచ్చాడు" అని ఒక గొంతు వినిపించింది. ఇద్దరు జాలరులు. చెయ్యెత్తి ఊపాను. వాళ్ళు ఉలిక్కిపడ్డారు, పిట్టలన్నీ లేచిపోయాయి. అప్పట్నుంచి ఎక్కడ పడుకున్నా ముందుగా దగ్గరున్న వాళ్ళకి చెప్పి మరీ పడుకుంటున్నాను. చోటు కూడా చూసి పడుకోండి. మన ఊళ్ళ తీరాల్లో పొద్దున్నే జనం వచ్చేది పిట్టల్ని చూడ్డానికి కాదు.

సెట్టింగుల గురించి ఎక్కువ చెప్పను, అవి పట్టుకుని వేలాడటమే అసలు జబ్బు. షట్టర్ వేగం మేస్తున్న స్టింట్‌కి సెకనులో 1/1600 వంతు, ఆగే ప్లోవర్‌కి 1/800 సరిపోతుంది, ఎగిరితే 1/2500 పైన. ఎఫ్ 6.3 లేదా 7.1. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) ఆటోలో పెట్టి 3200 దాకా వెళ్ళనివ్వండి, తొలి పదిహేను నిమిషాలు 6400 అయినా భయపడకండి. ఒక్కటి మాత్రం చూసుకోండి: ఈ పిట్టల పొట్ట తెల్లగా ఉంటుంది, బురద నల్లగా ఉంటుంది. కెమెరా బురదని చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, పొట్ట తెల్లకాగితం అయిపోతుంది. ఎండ వీపున ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్ సవరింపుని మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టి, పొట్ట మీద ఈకలు కనిపిస్తున్నాయో లేదో పెద్దది చేసి చూసుకోండి. వెనక మెరిసే నీళ్ళు ఉంటే ఇది తిరగబడుతుంది, ప్లస్ వైపు వెళ్ళాలి. ఇక ఫోకస్. నేలబారుగా ఉన్నప్పుడు మీకూ పిట్టకీ మధ్య ఉన్న ప్రతి ఇసుక మిట్టా ఆటోఫోకస్‌ని లాక్కుంటుంది. మీ కెమెరాలో పక్షి కన్ను గుర్తించే సదుపాయం ఉంటే వాడండి, లేకపోతే ఒక్క చిన్న పాయింట్ పెట్టుకుని కంటి మీద ఉంచండి.

ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా సర్దేసుకోండి. ఎండ గట్టిపడటం ఒక కారణమే. అసలు కారణం, ఇసుక వేడెక్కి దాని మీది గాలి ఆవిరిలా అల్లాడుతుంది. నిలబడ్డవాడికి ఈ బాధ తక్కువ, మనం చూసేదే నేలని ఆనుకున్న ఆ గాలి పొర లోంచి. షట్టర్ ఎంత పెంచినా, ఫోకస్ ఎంత సరిగ్గా ఉన్నా పిట్ట నీళ్ళలో చూసినట్టు మెత్తగా వస్తుంది. చాలామంది లెన్స్ పాడైందనుకుని సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తారు. దూరం తగ్గించడం తప్ప దీనికి మందు లేదు. దూరం తగ్గించడమంటే మళ్ళీ ముందు చెప్పిన ఓపికే.

కొన్ని పనులు మాత్రం చేయకండి. నిండు పోటు వేళ మేత నేలంతా మునిగిపోయి, పిట్టలన్నీ మిగిలిన ఇసుక తిన్నె మీద ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తుంటాయి. ఎగిరే ఫొటో కోసం ఆ గుంపుని లేపేవాళ్ళని చూశాను, కొందరైతే తోటివాడిని పరిగెత్తించి మరీ లేపిస్తారు. లిటిల్ స్టింట్ గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ టండ్రాలో. ఆ ముప్పై గ్రాముల పిట్ట ఏప్రిల్, మే నెలల్లో అంత దూరం తిరిగి వెళ్ళాలంటే ఇక్కడ తిని కూడబెట్టుకున్న కొవ్వే పెట్రోలు. కుక్కలు ఎలాగూ రోజుకి పదిసార్లు లేపుతున్నాయి, మనం కూడా ఎందుకు? ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త. కెంటిష్ ప్లోవర్ లాంటివి ఒట్టి ఇసుక మీద చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి, పాకే మనిషికి కనిపించవు. పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు దొర్లితే అది మీకిచ్చిన ఫొటో అవకాశం కాదు, గూడు మీ పక్కనే ఉందని అర్థం. లేచి నిలబడి, వచ్చిన అడుగుల్లోనే అడుగులేస్తూ వెనక్కి వెళ్ళిపోండి. ఏదైనా పిట్ట కాలికి రంగు ముక్కో, రింగో కనిపిస్తే దాని మీది అక్షరాలు చదవగలిగేలా పక్క నుంచి నాలుగు ఫొటోలు తీసి, పక్షుల వలసని గమనించే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. అలాంటి వివరం నేలబారు ఫొటోలోనే బాగా వస్తుంది.

చివరికి కెమెరా భయం. తెల్లవారుజామున గాలి నేల వైపు నుంచి వస్తుంది కాబట్టి ఉప్పు తుంపర మీరనుకున్నంత ఉండదు, సముద్రపు గాలి తిరిగేసరికి మీరు ఇంటికి బయల్దేరి ఉంటారు. ఇసుకలో లెన్స్ మార్చకండి, అదొక్కటే పెద్ద నియమం. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాని నేరుగా తీరానికి తెస్తే అద్దం మీద ఆవిరి పట్టి మంచి వెలుతురున్న అరగంటా పోతుంది. దాన్ని బ్యాగుతో సహా రాత్రే వరండాలో పెట్టండి, లేదా దారిలో కారు ఏసీ ఆపేసి కిటికీలు దించండి. ఇంటికొచ్చాక ముందు అద్దాన్ని గుడ్డతో తుడిచేయాలనిపిస్తుంది, ఆగండి. ఇసుక రేణువు గుడ్డలో చిక్కితే అది గరుకు కాగితమే. బ్లోయర్‌తో ఊది, తర్వాత మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో లెన్స్ ఒళ్ళు, కెమెరా ఒళ్ళు తుడవండి. ఉప్పు పొడిగుడ్డకి రాదు. జూమ్ రింగ్ తిప్పితే కరకరమంటోందా, ఇంకా తిప్పకండి, ముందు ఆ అంచు చుట్టూ మెత్తటి బ్రష్‌తో దులపండి. నాది ఒకటి అలా కరకరలాడుతుంటే మొండిగా తిప్పి, రిపేరుకి ఆరు వేలు కట్టాను.

మీరు మళ్ళీ ఉప్పాడ వైపే వెళ్తానంటే, ఈసారి రాళ్ళ కట్ట అయిపోయి ఇసుక మొదలయ్యే దాకా ముందుకి వెళ్ళండి. పొద్దున్న ఎనిమిదిన్నర ప్రాంతంలో నిండు పోటు ఉండే రోజు చూసుకుని, ఆరుంపావుకల్లా నైరుతి వైపు తిరిగి బరకం పరవండి. మొదటి అరగంట కెమెరా ఆన్ చేయకపోయినా ఫర్వాలేదు. వచ్చిన ఫొటోల్లో బాగాలేనివి ఒక రెండు పెట్టండి, బాగున్నవాటి కన్నా వాటిని చూసి చెప్పడం నాకు తేలిక.